డెల్టా పశువుల్లో కార్జపు జలగ: ముప్పు పటానికి వాన లెక్క చాలదా?

#1 బోదెగట్టు
రెండు మండలాలకు ఊరి స్థాయిలో కార్జపు జలగ (పశువు కాలేయంలో చేరే పరాన్నజీవి) ముప్పు పటం కావాలి. ఒకటి కృష్ణా తూర్పు డెల్టాలోది, ఇంకొకటి పశ్చిమ గోదావరిది. చేతిలో ఉన్నవి: భారత వాతావరణ శాఖ 0.25 డిగ్రీల గళ్ల వర్షపాతం, ఉష్ణోగ్రత, 20వ పశుగణన అంకెలు, పశువైద్యశాలల పేడ పరీక్షల ఫలితాలు. వాన లెక్కతో జలగ ముప్పును అంచనా వేసే ఒలరెన్‌షా సూచీ వేసి చూస్తే రెండు మండలాలూ ఒకే రంగు. జులై నుంచి సెప్టెంబరు దాకా అంతా ఎరుపు, జనవరి నుంచి ఏప్రిల్ దాకా అంతా పచ్చ. పేడలో గుడ్లు కనబడుతున్నది మాత్రం ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల్లో. పటం తలకిందులుగా ఉంది. తప్పు ఎక్కడ?

#2 తూర్పుకాలువ (పశువైద్యం)
రెండు తప్పులు కలిసిపోయాయి. ముందు నెలల సంగతి చూద్దాం.

పేడలో గుడ్డు కనబడిందంటే జలగ పిత్తనాళాల్లో పెద్దదై కూర్చుందని అర్థం. మన దగ్గర ఉండేది ఫాసియోలా జైగాంటికా. పశువు కడుపులోకి వెళ్లాక గుడ్లు పెట్టడానికి దానికి 13 నుంచి 16 వారాలు పడుతుంది. జలగ లార్వాలు నీటి నత్తలో పెరిగి, బయటికొచ్చి గడ్డి మీద తిత్తులు కడతాయి, పశువు మింగేది వాటినే. అంటే మార్చిలో గుడ్లు చూపిన పెయ్య ఆ తిత్తుల్ని మింగింది నవంబరు, డిసెంబరుల్లో. ఆ లార్వాలు నత్తలోంచి బయటికి రావడానికి ముందు నత్తలో ఇంకో రెండు, రెండున్నర నెలలు పెరిగాయి. అంతకుముందు పేడలోని గుడ్డు నీళ్లలో పొదిగి పగలడానికి రెండు మూడు వారాలు. మొత్తం లెక్కేస్తే మార్చి పేడకు మూలం ఆగస్టు, సెప్టెంబరు నీళ్లలో ఉంది.

మార్చి పేడ ఫలితాన్ని మార్చి ఉపగ్రహ చిత్రంతో జత చేయడం ఈ పనిలో అందరూ చేసే పొరపాటు. ఆరు నెలలు వెనక్కి జరపాలి.

ఇంకో చిక్కు. జలగ పశువులో ఏళ్ల తరబడి బతుకుతుంది. నాలుగు ఈతల గేదె పేడలో గుడ్డు దొరికితే అది ఏ ఏడాది మింగిందో చెప్పలేం. కాలం తెలియాలంటే మొదటిసారి మేతకు వెళ్తున్న 8 నుంచి 18 నెలల దూడలు, పెయ్యలు, పడ్డలనే నమూనాగా తీసుకోవాలి. పెద్ద పశువుల ఫలితాలు చోటు చెప్పడానికి పనికొస్తాయి, నెల చెప్పడానికి పనికిరావు.

#3 డిగ్రీదినం
రెండో తప్పు సూచీది. సూచీ తప్పు అనడం కూడా సరికాదు, దాన్ని పుట్టిన ఊరు దాటించడం తప్పు. ఒలరెన్‌షా, రోలండ్స్ 1959లో బ్రిటన్ కోసం కట్టిన లెక్క అది. సూత్రం ఇదీ:

నెల సూచీ = వాన పడ్డ రోజులు × (వర్షపాతం − ఆవిరయ్యే నీరు + 5)

వర్షపాతం, ఆవిరి రెండూ అంగుళాల్లో వేయాలి. మిల్లీమీటర్లు నేరుగా వేసేస్తే ఆ 5కి అర్థం ఉండదు, ఒకసారి మీ పట్టిక చూసుకోండి. నెలకు 100 దాటితే 100గానే ఉంచుతారు.

ఇప్పుడు జనవరి వేసి చూడండి. వాన రోజులు సున్నా అయితే గుణిజం మొత్తం సున్నా. సూచీ ప్రకారం డెల్టా ఎడారి. కానీ ఆ రోజు దాళ్వా (రెండో పంట వరి) మడిలో కాలువ నీళ్లు నిలబడి ఉంటాయి. బ్రిటన్‌లో నేల తడికి వాన ఒక్కటే ఆధారం. డెల్టాలో తడిని నిర్ణయించేది ప్రకాశం బ్యారేజీ, ధవళేశ్వరం కాటన్ బ్యారేజీల గేట్లు.

ఉష్ణోగ్రత కూడా ఇక్కడ ఏమీ తేల్చదు. మెలోన్ బృందం తూర్పు ఆఫ్రికాకు వాడిన పద్ధతిలో జైగాంటికాకు 16 డిగ్రీలు అడుగు, ఆ పైన పోగుపడే 1000 డిగ్రీ దినాలకు ఒక తరం. డెల్టాలో నెల సగటు 28 అనుకుంటే రోజుకు 12, నెలకు 360. మూడు నెల్ల లోపే ఒక తరం పూర్తి. ఏడాదంతా చూస్తే వేడి ఎక్కడా అడ్డం కాదు, కాబట్టి ఆ పొర రెండు మండలాలనూ వేరు చేయలేదు. అదే అరకు, చింతపల్లి వైపు పటం గీస్తే ఉష్ణోగ్రతే ముఖ్యమైన పొర, అక్కడ డిసెంబరు, జనవరి సగటు ఆ 16 దగ్గరికే దిగుతుంది.

ఇంకా ఒక మాట: 0.25 డిగ్రీలంటే ఒక గడి దాదాపు 27 కిలోమీటర్లు. ఒక మండలం ఒకటి రెండు గళ్లలో ఇమిడిపోతుంది. దానితో ఊరి స్థాయి పటం గీస్తే వచ్చేది గళ్ల చీరే.

#4 నత్తగుల్ల
నత్త సంగతి ఎవరూ ఎత్తలేదు. అసలు పటం నత్తది కదా.

యూరప్ వాళ్ల లెక్కలన్నీ గాల్బా ట్రంకాటులా అనే చిన్న నత్త మీద కట్టినవి. అది బురద నత్త, తడి నేల మీద పాకుతుంది, ఎండితే మట్టిలో దాక్కుని నెలలు గడుపుతుంది. మన జైగాంటికాను మోసేది రాడిక్స్ ఆరిక్యులేరియా, పాత పుస్తకాల్లో లిమ్నియా. ఇది నీళ్ల నత్త. నెమ్మదిగా పారే లేదా నిలిచిన, కాస్త తేటగా ఉన్న, నాచూ మొక్కలూ ఉన్న మంచినీళ్లు కావాలి. ఎండకు గాల్బా అంత ఓర్చుకోదు. అందుకని 'తడి నేల' పొర వేస్తే పొరపాటు, 'మూడు నాలుగు నెలలు విడవకుండా నిలిచే లోతు తక్కువ నీరు' పొర కావాలి.

లోతైన చేపల చెరువు నడిమధ్య దీనికి ఇల్లు కాదు, అంచులే ఇల్లు. పెద్ద కాలువ జోరు పారుదలా ఇల్లు కాదు. బోదెల (పిల్ల కాలువల) చివర్లు, మురుగు కాలువ మలుపులు, తూటికాడ కింద నీడ, గేదెలు పొర్లే మడుగు పక్క, చేతిపంపు నీళ్లు చేరే గుంట: ఇవీ అసలు చోట్లు. ఉప్పునీళ్లు దీనికి పడవు. నాగాయలంక దక్షిణాన ఆటుపోటు నీళ్లు ఎగదన్నే మురుగు కాలువల్ని కూడా మంచినీళ్ల కాలువలతో సమానంగా ఎర్రగా వేస్తే పటం అక్కడే తప్పుతుంది. ఉప్పదనం కొలిచే చిన్న మీటరు సంచిలో ఉండాలి.

#5 తూర్పుకాలువ (పశువైద్యం)
డిగ్రీదినం గారూ, దాళ్వా మాట దగ్గర చిన్న సవరణ. కృష్ణా డెల్టాలో సార్వా వరి కోశాక ఎక్కువ చోట్ల మినుము, పెసర చల్లుతారు. మడి డిసెంబరు నుంచి ఆరుతూ పోతుంది. దాళ్వా వరి విస్తారంగా కనబడేది గోదావరి వైపు. అక్కడ మడిలో నీళ్లు మార్చి, ఏప్రిల్ దాకా ఉంటాయి.

బోదెగట్టు గారి రెండు మండలాలకూ తేడా చూపే పొర ఇదేనని నా అనుమానం: రెండో పంట ఏది? వాన ఒకటే, వేడి ఒకటే, నేల కూడా ఇంచుమించు ఒకటే. ఒకచోట నత్తకు నాలుగు నెలల నీళ్లు, ఇంకోచోట ఎనిమిది తొమ్మిది నెలలు.

#6 బోదెగట్టు
అంగుళాల మాట నిజమే, మిల్లీమీటర్లే వేశాను. రెండో పంట పొర ఉపగ్రహంతో తీయొచ్చా? సాగు లెక్కలు రెవెన్యూ గ్రామం వారీగా ఉన్నాయి గానీ మడి వారీగా లేవు.

#7 పటాలపిచ్చి
తీయొచ్చు, నీళ్ల పొరతో కలిపే తీయాలి. వరస ఇది.

జులై నుంచి అక్టోబరు దాకా మబ్బు, కాబట్టి సెంటినల్-2 అనే ఐరోపా ఉపగ్రహం చిత్రాలు చాలామటుకు వృథా. ఆ నెలలకు సెంటినల్-1 రాడార్ తీసుకోండి, మబ్బుల్లోంచి చూస్తుంది, ఒక్కో ఉపగ్రహం 12 రోజులకోసారి అదే దారిన వస్తుంది. నీటి మీద రాడార్ సంకేతం బాగా పడిపోతుంది. ఎంత కింద పడితే నీరు అనుకోవాలో పుస్తకంలోంచి ఎత్తకండి, మీ చిత్రం తాలూకు హిస్టోగ్రాంలో రెండు గుట్టల మధ్య లోయ చూసి పెట్టుకోండి. గాలి వీచిన రోజు పెద్ద చెరువు అలలు లేచి పొడి నేలలా కనబడుతుంది. అందుకని ఒక్క రోజు చిత్రం నమ్మకుండా నెలలో వచ్చినవన్నీ కలిపి మధ్యస్థం తీయాలి.

నవంబరు నుంచి మే దాకా సెంటినల్-2. పచ్చ పట్టీ బీ3, పొట్టి పరారుణ పట్టీ బీ11 తీసుకుని వాటి తేడాను వాటి కూడికతో భాగించండి. బీ3 10 మీటర్లది, బీ11 20 మీటర్లది, ముందు రెండింటినీ ఒకే కొలతకు తేవాలి. నెలనెలా నీరు ఉన్నదీ లేనిదీ 1, 0గా వేసి పన్నెండు నెలలూ కూడితే 'నీరు నిలిచిన నెలలు' అనే ఒక్క పొర వస్తుంది. నత్తగుల్ల గారు అడిగింది అదే.

వరి ఎదిగి కమ్ముకున్నాక ఆకు కింద నీళ్లు దేనికీ కనబడవు. నాట్ల వేళ నీళ్లు, ఆ తర్వాత పచ్చదనం పెరుగుదల: ఈ రెండూ వరసగా వస్తే వరి మడి అని, కోత దాకా తడి ఉందని రాసుకోవాలి. జనవరిలో మళ్లీ ఆ నీళ్ల జాడ కనబడితే దాళ్వా. నీళ్ల జాడ లేకుండా పచ్చదనం వస్తే మినుమో పెసరో.

గుర్రపుడెక్క కమ్మిన మురుగు కాలువ కూడా అంతే, ఉపగ్రహానికి అది పచ్చిక బయలు. రెండు మీటర్ల బోదె 10 మీటర్ల చిత్రంలో అసలే కనబడదు. వాటిని నీటిపారుదల శాఖ కాలువల పటం లోంచి గీతలుగా తెచ్చుకోవాలి. ఇస్రో పటాల సైటు భువన్‌లో, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో పెద్దవి దొరుకుతాయి, చిన్నవి చేత్తో గీసుకోవడమే.

వాలు, నీరు చేరే తావు లాంటి పొరలు డెల్టాలో వేయకండి. 30 మీటర్ల ఎత్తుల పటంలో కొన్ని మీటర్ల తేడా మామూలు, డెల్టాలో ఒక మండలం వాలు అంతకన్నా పెద్దదేం కాదు. వచ్చేది కొబ్బరి తోటల ఎత్తు.

#8 బోదెగట్టు
పటాలు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో కాలువ గీతల చుట్టూ 200 మీటర్ల పట్టీ గీయమంటే తెర మొత్తం ఒకే రంగు అయిపోయింది.

#9 పటాలపిచ్చి
గీతలు అక్షాంశ రేఖాంశాల్లో ఉన్నాయి, 200 డిగ్రీల పట్టీ గీసింది. ముందు మీటర్లలో కొలిచే యూటీఎం 44 ఉత్తర మండలానికి మార్చి కొత్త ఫైలుగా దాచండి, ఈపీఎస్‌జీ సంఖ్య 32644. తెర మీద ప్రొజెక్షన్ మార్చితే చాలదు, ఫైలే మారాలి. తర్వాత 200 వేయండి. 100, 200, 500 మూడూ వేసి ఏది పేడ ఫలితాలతో బాగా కలుస్తుందో చూడటం మేలు, 200 అనేది వేదవాక్కు కాదు.

#10 గణాంకం
పొరలు ఎంత బాగున్నా పేడ ఫలితాలు వంకరగా ఉంటే పటం వంకరే. పశువైద్యశాలకు వచ్చే పేడ అంతా జబ్బు పశువుది. పైగా ఆసుపత్రికి దగ్గర ఊళ్లదే ఎక్కువ. ఆ ఫలితాల్ని పటం మీద చుక్కలుగా పెట్టి నేర్పిన కంప్యూటర్ మోడల్ చివరకు 'ఆసుపత్రికి ఎంత దూరం' అనే పటాన్నే గీస్తుంది. ఇంకా ఘోరం, చాలా రికార్డుల్లో అక్షాంశం ఆసుపత్రి గేటుదే, ముప్ఫై ఊళ్ల పశువులు ఒకే డాబా మీద నిలబడి ఉంటాయి. చుక్క పెట్టాల్సింది పశువు మేసే చోట. పాక దగ్గర కూడా కాదు.

కొత్తగా నమూనాలు తీయగలిగితే లెక్క ఇది. వ్యాధి 30 శాతం ఉంటుందని అంచనా, అటూ ఇటూ 5 శాతం తేడాతో తెలియాలి అంటే యాదృచ్ఛికంగా 323 పశువులు. కానీ ఒకే ఊరి పశువులు ఒకే మడుగు తాగుతాయి, ఒకదానిలా ఇంకొకటి ఉంటాయి. ఊరికి 15 చొప్పున తీస్తూ ఆ పోలిక 0.07 అనుకుంటే 1 + 14 × 0.07, అంటే 1.98 రెట్లు. దాదాపు 640 పశువులు, 43 ఊళ్లు. పోలిక 0.2 అయితే 3.8 రెట్లు, 1200 దాటిపోతుంది. అందుకని ఊరికి 40 తీసి 16 ఊళ్లతో సరిపెట్టడం కన్నా ఊరికి 10 తీసి ఎక్కువ ఊళ్లు తిరగడం మంచిది. డీజిలు ఖర్చు ఎక్కువే.

గుడ్లు లేని పశువులనూ, కట్టేసి మేపే పశువులనూ నమోదు చేయాలి. కట్టేసి మేపే పాడి ఎక్కువున్న ఊరు చుట్టూ నత్తలున్నా ముప్పు తక్కువ. నత్త ఉన్నంత మాత్రాన జబ్బు రాదు, పశువు మూతి అక్కడికి చేరాలి.

#11 తూర్పుకాలువ (పశువైద్యం)
పేడ పరీక్ష గురించి రెండు ముక్కలు. ఉప్పు ద్రావణంలో తేల్చే పద్ధతితో జలగ గుడ్లు తేలవు, బరువు. ఆ పద్ధతి ఎలికపాములకు. వీటికి అడుగున దించే పద్ధతే: 3 నుంచి 5 గ్రాముల పేడ నీళ్లలో కలిపి టీ వడకట్టే జల్లెడతో వడకట్టి, నిలువు గ్లాసులో కొన్ని నిమిషాలు దించి పైనీళ్లు ఒంపేయాలి. పైనీళ్లు తేటపడే దాకా మళ్లీ మళ్లీ. చివర్లో మిథిలిన్ బ్లూ చుక్క. గడ్డిపీచు నీలం అవుతుంది, కార్జపు జలగ గుడ్డు పసుపు గోధుమ రంగులోనే నిలుస్తుంది. పొట్ట జలగల గుడ్డు కూడా అంతే పెద్దది, మూతా ఉంటుంది, కానీ రంగు లేకుండా బూడిద తేటగా ఉంటుంది. రంగు వేయకుండా హడావుడిగా చూసిన చోట రెండూ ఒకే ఖాతాలో పడతాయి, డెల్టాలో పొట్ట జలగలు తక్కువేం కాదు.

ఒక్కసారి చూసి లేదనకూడదు. గుడ్లు పిత్తంతో విడతలు విడతలుగా దిగుతాయి.

#12 నత్తగుల్ల
నత్తలు ఏరే పద్ధతి. 10 మీటర్ల గట్టు పొడవు కొలిచి, ఒకే మనిషి, ఒకే జాలితో, 15 నిమిషాలు. మనిషి మారినా నిమిషాలు మారినా ఊరికీ ఊరికీ పోల్చలేం. సున్నా వచ్చినా రాయాలి. చేతికి రబ్బరు తొడుగు, కాళ్లకు బూట్లు తప్పనిసరి: అదే నీళ్లలో షిస్టోసోమా (రక్తనాళాల్లో ఉండే జలగ) లార్వాలు ఉంటే చర్మం దద్దుర్లు లేచి గీరుకోలేక చస్తారు.

గుర్తు పట్టడం: మొన పైకి, నోరు మీ వైపు పెట్టి పట్టుకోండి. నోరు కుడి పక్కన, చెవిలా వెడల్పుగా ఉంటే లిమ్నియా కుటుంబం. ఎడమ పక్కన ఉంటే ఫైసా, వదిలేయండి. చక్రంలా బల్లపరుపు చుట్ట అయితే ఇండోప్లానార్బిస్ ఎగ్జుస్టస్. అది కార్జపు జలగకు కాదు గానీ పొట్ట జలగలకూ, ముక్కులో గురక తెప్పించే షిస్టోసోమాకూ ఇల్లు, కాబట్టి వేరే గడిలో రాసుకోండి, ఇంకో పటం ఉచితంగా వస్తుంది. పెద్ద గుండ్రటి పైలా నత్త, బాతులకు వేసేది, లెక్కలోకి రాదు.

తెచ్చాక ఒక్కో నత్తను ఒక్కో సీసాలో 10 మిల్లీలీటర్ల క్లోరిన్ లేని నీళ్లలో వేసి బల్బు వెలుతురులో కొన్ని గంటలు ఉంచండి. బయటికొచ్చిన లార్వా తోక చీలితే షిస్టోసోమా. నల్లగా, కళ్ల చుక్కలతో ఉంటే పొట్ట జలగ. తోక చీలకుండా, కాసేపట్లో గాజుకు అంటుకుని తిత్తి కట్టేస్తే అది మనది. ఏమీ రాకపోతే లేదని కాదు, లోపల ఇంకా ముదరలేదేమో. నలిపి చూడాలి.

#13 శిఖంభూమి
తెలంగాణ వైపు ఇదే పటం గీసేవాళ్లకు: కాలువ పొర కన్నా చెరువు అంచు పొర ముఖ్యం. చెరువు వెనక్కి తగ్గేకొద్దీ శిఖంలో (చెరువు మునక నేలలో) పచ్చిక మొలుస్తుంది, ఎండాకాలం ఊరి పశువులన్నీ అక్కడే. తిత్తులు అంటుకుని ఉండేదీ ఆ నీటి అంచు గడ్డి మీదే. అక్టోబరు నీటి అంచుకూ ఏప్రిల్ నీటి అంచుకూ మధ్య ఉన్న నేలను ఒక పొరగా కత్తిరించండి, అదే ముప్పు పట్టీ. పాత చెరువుల పోకడకు 1984 నుంచి ఉన్న 30 మీటర్ల ప్రపంచ ఉపరితల జలాల పటం బాగుంటుంది. కానీ మిషన్ కాకతీయలో పూడిక తీసిన చెరువుకు 2015కు ముందు అంచు ఇప్పుడు చెల్లదు.

#14 బోదెగట్టు
ఇదే పొరలతో పిడుదుల జబ్బులు, థైలేరియా కూడా వేసేయొచ్చా?

#15 తూర్పుకాలువ (పశువైద్యం)
వద్దు. థైలేరియాను మోసే హయలోమా పిడుదు పాక గోడల పగుళ్లలో ఉంటుంది, పొడి వేడి దానికి ఇష్టం. అక్కడ ముఖ్యమైన పొర సంకరజాతి ఆవుల సాంద్రత. సర్రా జబ్బును మోసేవి జోరీగలు. పటానికి ఒక పరాన్నజీవి చాలు.

#16 గణాంకం
మోడల్ నేర్పేటప్పుడు ఇంకో గోతి. చుక్కల్ని యాదృచ్ఛికంగా 70, 30గా విడగొట్టి పరీక్షిస్తే మార్కులు ఘనంగా వస్తాయి. పరీక్ష చుక్క పక్క మడిలోనే నేర్చిన చుక్క ఉంది మరి. మండలాన్ని గడులుగా కోసి, ఒక గడి మొత్తాన్ని దాచి పరీక్షించండి. మార్కులు పడిపోతాయి, కానీ అవే అసలు మార్కులు. జీవి ఉండే చోట్లను అంచనా వేసే మాక్సెంట్ సాఫ్ట్‌వేర్ వాడితే, పోలిక కోసం తీసే నేపథ్య చుక్కల్ని కూడా మీరు తిరిగిన రోడ్ల పక్కనుంచే తీయండి, లేకపోతే రోడ్డే ముప్పు అని తేలుతుంది. డెల్టాలో నేర్పిన మోడల్‌తో అనంతపురానికి రంగు వేయకండి. అలాంటి నీళ్లు, అలాంటి మేత అది చూడనే లేదు.

#17 డిగ్రీదినం
బెంగళూరులోని పశువ్యాధుల సంస్థ నివేది, నాడ్రెస్ అనే వ్యవస్థ ద్వారా ఇచ్చే ముందస్తు హెచ్చరికల్లో ఫాసియోలోసిస్ (కార్జపు జలగ జబ్బు) కూడా ఉంది, రెండు నెలల ముందు జిల్లా స్థాయిలో వస్తుంది. దాన్ని ఊరి పటానికి పోటీ అనుకోవద్దు. జిల్లాకు మందు ఎంత తెప్పించాలో అది చెబుతుంది, ఏ బోదె గట్టు మీద మేపొద్దో ఇది చెప్పాలి.

#18 తూర్పుకాలువ (పశువైద్యం)
పటం పూర్తయ్యాక దాన్ని నట్టల మందు క్యాలెండరుకు కట్టాలి, లేకపోతే గోడకు మంచి బొమ్మ. ఆక్సీక్లోజనైడ్ ముదిరిన జలగలనే చంపుతుంది, నవంబరులో తాగిస్తే అప్పుడే మింగిన పిల్ల జలగలకు ఏమీ కాదు. ట్రైక్లాబెండజోల్ కిలో బరువుకు 12 మిల్లీగ్రాముల చొప్పున పిల్ల జలగల మీదా పనిచేస్తుంది, కానీ పాడి పశువుకు వేసే ముందు పాల నిషేధం ఏముందో లేబులు చూడాలి. డెల్టాలో కాలువలు కట్టేసిన ఏప్రిల్, మే నెలల్లో తాగిస్తే అప్పటికి శీతాకాలం జలగలు ముదిరి ఉంటాయి, జూన్‌లో నీళ్లు వదిలేనాటికి పేడలో గుడ్లు తగ్గుతాయి. ఎర్ర ఊళ్లకు ఆ మోతాదు తప్పించొద్దు. కార్జం గట్టిపడ్డ చూడి పశువుల్లో బరువు సరిగా కొలిచే వేయాలి, అంచనా బరువు వద్దు.

గడ్డి విషయం కూడా పటంలో లేదు. మురుగు నిలిచిన మడిలో కోసిన పచ్చి వరిగడ్డి మొదలు మీద తిత్తులు ఉంటాయి. కట్టేసిన పశువుకూ అలాగే అంటుతుంది. పై భాగం ముందు వేసి, మొదళ్లు బాగా ఎండనిచ్చాక వేయమని ఆ ఊళ్లకు చెప్పాలి.

#19 నత్తగుల్ల
గడ్డి మాట బాగుంది. ఒక కొస: ఇండోనేషియా వరి మళ్లలో బాతుల ఎకినోస్టోమా జలగ నత్తలోకి చేరి కార్జపు జలగ పిల్లల్ని తినేస్తుందని తేల్చి, బాతుల రెట్టను పశువుల పేడతో కలిపి మళ్లలో వాడటం చూశారు. కొల్లేరు చుట్టూ కోత మళ్లలో బాతుల మందలు తిరిగే ఊళ్లను ఒక వేరే గడిలో నమోదు చేస్తే ఖర్చేమీ లేదు, తర్వాత పనికిరావచ్చు. ఇప్పుడే ముప్పు తగ్గించే పొరగా మాత్రం వేయకండి.

#20 బోదెగట్టు
సరే. పొరలు ఇవి ఉంచుతున్నా: నీరు నిలిచిన నెలలు, రెండో పంట, బోదె, మురుగు కాలువలకు దూరం, ఉప్పదనం, బయట మేసే పశువుల సాంద్రత. వాన, వేడి, వాలు తీసేశా. పేడ ఫలితాలు దూడలవీ పెద్దవాటివీ విడదీశా. పటం మీద రంగులు ఎన్ని ఉంచాలి? మోడల్ 0 నుంచి 1 దాకా అంకె ఇస్తోంది.

#21 పటాలపిచ్చి
మూడు. ఎక్కువ, మధ్యస్థం, తక్కువ. నాలుగోది గీతలు గీసిన బూడిద రంగు, నమూనాలు తీయని ఊళ్లకు. దాన్ని పచ్చగా వేస్తే ఆ ఊళ్లో మందు ఎవరూ తాగించరు. నవంబరు పటం, మార్చి పటం వేర్వేరుగా అచ్చు వేయండి, ఏడాది సగటు వద్దు.